‘ప్యూర్’ ఏరుకునేవాళ్లు

పాత ఇంగ్లిష్ పుస్తకాల మీద మోజున్నవాళ్లకి మొరాకో బైండింగ్ సంగతి చెప్పక్కర్లేదు. మేకతోలు అట్ట, దాని మీద బంగారు అక్షరాలు, చేత్తో తడిమితే పట్టులా జారే మెత్తదనం. 19వ శతాబ్దపు లండన్‌లో ఆ మెత్తదనం కుక్కపెంటతో వచ్చేది. అక్షరాలా కుక్కపెంటే.

ఈ సంగతి రాసిపెట్టినవాడు హెన్రీ మేహ్యూ అనే పత్రికా రచయిత. లండన్ వీధుల్లో బతుకు వెళ్లదీసే బీదాబిక్కీని వెతుక్కుంటూ వెళ్లి, వాళ్లు చెప్పింది రాసుకుని, 1851 నుంచి ‘లండన్ లేబర్ అండ్ ది లండన్ పూర్’ అనే పేరుతో ప్రచురించాడు. అందులో ‘ప్యూర్ ఫైండర్స్’ అనే వాళ్ల గురించి కొన్ని పేజీలున్నాయి. తెల్లారకముందే బుట్ట చంకనేసుకుని, వీధి వీధీ తిరిగి కుక్కపెంట ఏరి, బెర్మాండ్సీలోని తోళ్ల కార్ఖానాలకి అమ్ముకునేవాళ్లు వీళ్లు. వాళ్ల వ్యాపార భాషలో దాని పేరు ‘ప్యూర్’. తోలుని శుద్ధి చేస్తుంది కాబట్టి ఆ పేరు వచ్చిందని మేహ్యూ అంటాడు. శుద్ధం అనే మాటకి ఇంతకన్నా విచిత్రమైన బతుకు ఇంకే భాషలోనైనా ఉందేమో నాకైతే తెలీదు.

రేటు బకెట్‌కి ఎనిమిది నుంచి పది పెన్నీలు. అందులోనూ రకాలున్నాయి. ఎండిపోయి, సున్నంలా తెల్లబడినదానికి గిరాకీ ఎక్కువ. గిరాకీ ఉన్నచోట కల్తీ ఉండకుండా ఉంటుందా? పాత గోడల సున్నం గీకి కలిపేవాళ్లు కూడా ఉండేవాళ్లట. మేహ్యూ మాట్లాడినవాళ్లలో ఒక ముసలావిడ ఉంది. ఒకప్పుడు బాగానే బతికిన మనిషి. అన్నీ పోయాక ఈ పనిలోకి దిగింది. ప్రభుత్వం నడిపే అనాథల వర్క్‌హౌస్‌కి వెళ్లడం కన్నా వీధిలో చావడం నయం అంటుంది. ఆవిడ పేరు మేహ్యూ రాయలేదు.

నేను చదువుకున్న కెమిస్ట్రీ పాఠ్యపుస్తకంలో ఎంజైమ్ అంటే ఒక తాళం, ఒక తాళంచెవి బొమ్మ. ఎమిల్ ఫిషర్ 1894లో చెప్పిన పోలిక అది. ఇప్పుడైతే ఎంజైమ్ అనగానే ఆకుపచ్చ అక్షరాలు, ‘హరిత రసాయనం’ అనే మాట, నీటిబొట్టు బొమ్మ. విపరీతమైన వేడీ పీడనమూ అక్కర్లేకుండా, ఘాటైన ఆమ్లాలు లేకుండా, గోరువెచ్చని నీళ్లలో పని చక్కబెట్టే శుభ్రమైన ఉత్ప్రేరకాలు. ఇదంతా నిజమే. అయితే పరిశ్రమల్లో ఎంజైమ్‌ల వాడకం చరిత్రని కాస్త తవ్వితే ఒక ముఖ్యమైన వేరు ఈ ముసలావిడ బుట్టలోకి వెళుతుంది. ఆ దారి ఎలా సాగిందో చెప్పాలనే ఈ వ్యాసం.

ముందు తోలు సంగతి. పచ్చితోలుని నానబెట్టి, సున్నపు గుంటలో కొన్నిరోజులు ఉంచుతారు. సున్నానికి తోలు ఉబ్బుతుంది, వెంట్రుకల మొదళ్లు వదులవుతాయి. అప్పుడు కత్తితో గీకేస్తారు. ఇక్కడితో ఆపి, చెట్టుబెరడు రసంలో వేస్తే గట్టి తోలు తయారవుతుంది. చెప్పు అడుగుకి అది చాలు. చేతి తొడుగులకీ, పుస్తకాల అట్టలకీ అది పనికిరాదు. వాటికి తోలు మెత్తబడాలి. తోలులో ప్రధానమైన దారం కొలాజెన్ అనే ప్రోటీన్. ఆ దారాల మధ్య జిగురులా వేరే ప్రోటీన్లు ఇరుక్కుని ఉంటాయి. కొలాజెన్‌ని ముట్టుకోకుండా ఆ జిగురుని మాత్రం తీసెయ్యాలి. మామూలు రసాయనాలకి ఇంత విచక్షణ ఉండదు. ఆమ్లం గానీ క్షారం గానీ పోస్తే రెంటినీ కలిపి తినేస్తుంది.

కుక్కపెంటకి ఆ విచక్షణ ఉంది. గోరువెచ్చని నీళ్లలో దాన్ని కలిపి, అందులో తోళ్లు వేసి తిప్పుతారు. మేహ్యూ కాలంలో కొన్నిచోట్ల పనివాళ్లు చేత్తోనే తోలుకి పట్టించి రుద్దేవాళ్లు. కాసేపటికి రబ్బరులా బిగుసుకున్న తోలు వాలిపోయి, తడిగుడ్డలా జారిపడుతుంది. మరీ ఎక్కువసేపు ఉంచితే చిల్లులు పడి సరుకంతా పాడైపోతుంది. ఎప్పుడు ఆపాలో చెప్పడానికి కొలమానమేదీ లేదు. అనుభవం ఉన్న పనివాడు తోలు మీద బొటనవేలితో నొక్కి చూస్తాడు. వేలిముద్ర పడి అలాగే నిలిచిపోతే పని అయినట్టు. ముద్ర వెంటనే పైకి లేచిపోతే ఇంకాసేపు ఉంచాలి. ఇవాళ ఎంజైమ్ పొడితో, స్టీలు డ్రమ్ముల్లో ఇదే పని చేస్తున్న కార్ఖానాల్లోనూ ఈ బొటనవేలి పరీక్ష బతికే ఉంది. పరికరాలు ఎన్నొచ్చినా దాన్ని పూర్తిగా తోసెయ్యలేకపోయాయి.

ఈ పని ఎందుకు జరుగుతోందో చాలాకాలం ఎవరికీ తెలీదు. తెలుసుకోవాలని దిగినవాళ్లూ తక్కువే. అందుకు వాసన ఒక కారణం అయుంటుందని నా ఊహ. రసాయనశాస్త్రం పెద్దమనుషుల శాస్త్రంగా తయారవుతున్న కాలం అది. రంగుల మీద, మందుల మీద పని చేస్తే పేరొస్తుంది. కుక్కపెంట మీద పని చేస్తానని ఏ ప్రొఫెసర్‌తో చెప్పగలం? నాటింగ్‌హామ్‌లో జోసెఫ్ టర్నీ వుడ్ అనే తోళ్ల రసాయనవేత్త మాత్రం మొహమాటపడకుండా ఏళ్ల తరబడి దీని మీదే కూర్చున్నాడు. పెంటలో ఏ భాగం ఏ పని చేస్తుందో విడదీసి చూశాడు. జంతువు పేగుల్లోని జీర్ణరసాలూ, బాక్టీరియా తయారుచేసే ఎంజైమ్‌లూ, వాటికి తోడుగా అమ్మోనియా జాతి లవణాలూ, అన్నీ కలిస్తేనే పని నడుస్తోందని తేల్చాడు. 1912లో ఈ విషయం మీదే ఒక పుస్తకం వేశాడు. దానికి రావాల్సినంత పేరు రాలేదంటాను నేను.

ఈలోగా జర్మనీలో ఇంకో కథ. ఈస్ట్ బతికుంటేనే చక్కెర సారాగా మారుతుందా, లేక అందులో ఉన్న ఏదో పదార్థం ఆ పని చేస్తోందా అనే గొడవ అప్పటికే దశాబ్దాలుగా నడుస్తోంది. పాశ్చర్‌ది మొదటి పక్షం, లీబిగ్‌ది రెండోది. 1897లో ఎడ్వర్డ్ బూక్నర్ ఈస్ట్‌ని ఇసుకతో కలిపి నూరి, పిండి రసం తీశాడు. జీవకణం ఒక్కటీ లేని ఆ రసం చక్కెరని పులియబెట్టింది. అంటే జీవం పోయినా దాని పనిముట్లు పని చేస్తాయన్నమాట. 1907లో ఆయనకి నోబెల్ బహుమతి వచ్చింది. పదేళ్ల తర్వాత, మొదటి ప్రపంచ యుద్ధంలో రొమేనియా వైపు వెళ్లి, గాయపడి చనిపోయాడు.

బూక్నర్‌కి నోబెల్ వచ్చిన ఏడే ఒట్టో ర్యోమ్ తన పేటెంట్ తీసుకున్నాడు. ఈయన స్టుట్‌గార్ట్ నగరంలోని గ్యాస్ కర్మాగారంలో పనిచేస్తున్న కెమిస్ట్. అక్కడ బొగ్గు నుంచి గ్యాస్ తీయగా మిగిలే మురికినీళ్ల వాసన, తోళ్ల కార్ఖానాలోని పెంటనీళ్ల వాసనలాగే ఉందని గమనించాడు. వాసన ఒకటే అయితే లోపలి సరుకూ ఒకటే అయుండాలి కదా అనుకుని, ఆ నీళ్లతో ఒక మందు తయారుచేశాడు. అది సరిగా పని చెయ్యలేదు. వాసన అమ్మోనియాది, అసలు పని చేసేది ఎంజైమ్. బూక్నర్ పరిశోధన తెలిశాక ర్యోమ్‌కి సంగతి బోధపడింది. జీర్ణరసమే కావాలంటే దాన్ని కుక్క పేగుల దాకా వెళ్లనివ్వడం ఎందుకు? కసాయి దుకాణాల్లో పారేసే పందుల, పశువుల క్లోమగ్రంథులు తెచ్చి, వాటి సారం తీసి, అమ్మోనియం లవణం కలిపి, రంపపుపొట్టులో ఇంకించాడు. దానికి ఓరోపాన్ అని పేరు పెట్టాడు. 1907 సెప్టెంబర్‌లో ఒట్టో హాస్ అనే స్నేహితుడితో కలిసి కంపెనీ పెట్టాడు. రెండేళ్లకే కంపెనీ డార్మ్‌స్టాట్‌కి మారింది, హాస్ ఫిలడెల్ఫియా వెళ్లి అక్కడ దుకాణం తెరిచాడు. తర్వాత 1930లలో ప్లెక్సిగ్లాస్ తెచ్చిన కంపెనీ ఇదే. దాని పునాది తోళ్ల మీద పడింది.

ఇక్కడ కాసేపు ఆగాలనిపిస్తోంది. ఓరోపాన్ వచ్చాక పనివాళ్ల చేతులు పెంటలో మునగాల్సిన అవసరం తప్పుతూ వచ్చింది. పెంటలోని రోగక్రిముల నుంచి, ఆ కంపు నుంచి ఎంతోమందికి విముక్తి. ఇందులో సందేహం లేదు, పాతదాన్ని తలుచుకుని నిట్టూర్చేంత వెర్రి నాకు లేదు. అయితే పరిశ్రమ చరిత్రల్లో ఈ ఘట్టాన్ని ఒక మేధావి మెరుపు ఆలోచనగా రాస్తారు. ఓరోపాన్ పొడి చెయ్యాల్సిన పనేమిటో, ఎంత వేడి కావాలో, ఎప్పుడు ఆపాలో అప్పటికే తెలిసిన మనుషులు తరతరాలుగా ఉన్నారు. ఎంజైమ్ అనే పేరు లేకుండానే ఎంజైమ్‌ని ఎంచడం, నిల్వ చెయ్యడం, సరైన వేడిలో నడపడం, సమయానికి ఆపడం వాళ్లకి వచ్చు. ఎండి తెల్లబడిన సరుకుకి ఎక్కువ డబ్బులిచ్చిన వ్యాపారి కూడా, తన పద్ధతిలో, నాణ్యత పరీక్షే చేస్తున్నాడు. ర్యోమ్ జవాబు కనిపెట్టాడు, సరే. ప్రశ్నని శతాబ్దాలపాటు చేతుల్లో మోసినవాళ్లకి చరిత్రలో ఒక వాక్యం కూడా దక్కకపోవడమే నాకు మింగుడుపడదు.

1913లో ర్యోమ్ ఇంకో పేటెంట్ తీసుకున్నాడు. తోలులో అక్కర్లేని ప్రోటీన్‌ని తీసే సరుకు బట్ట మీది రక్తపు మరకనీ, చెమట జిడ్డునీ తీయదా? ఆ ఊహలోంచి వచ్చిందే బర్నస్ అనే బట్టల పొడి. సోడాలో కాస్త క్లోమ సారం. అది బాగానే అమ్ముడుపోయినా, క్లోమ ఎంజైమ్‌కి సోడా క్షారం అంతగా పడదు కాబట్టి మహా విజయమేమీ కాలేదు. క్షారాన్ని తట్టుకునే ఎంజైమ్‌లని బాక్టీరియా నుంచి తీయడం నేర్చుకున్నాక, 1960లలో అసలు కథ మొదలైంది.

మధ్యలో డెన్మార్క్ వచ్చింది. నోవో అనే కంపెనీ అక్కడ మధుమేహానికి ఇన్సులిన్ తయారుచేసేది. ఇన్సులిన్ తీసేదీ క్లోమం నుంచే. తీశాక మిగిలిన క్లోమంలో ట్రిప్సిన్ అనే ఎంజైమ్ ఉంటుంది. దాన్నెందుకు పారెయ్యడం అనుకుని 1941లో ట్రిప్సిన్‌ని అమ్మకానికి పెట్టారు. కొన్నది ఎవరు? మళ్లీ తోళ్లవాళ్లే. ప్రపంచంలో అతి పెద్ద ఎంజైమ్ వ్యాపారంగా ఎదిగిన సంస్థ తొలి ఎంజైమ్ సరుకు కూడా తోలుని మెత్తబరచడానికే అన్నమాట.

1960లలో బాక్టీరియా ఎంజైమ్‌లు కలిపిన డిటర్జెంట్లు యూరప్‌ని ఊపేశాయి. అయితే ఆ పొడి చాలా మెత్తనిది, గాల్లో తేలేది. కర్మాగారాల్లో దాన్ని కలిపే కార్మికులకి ఆయాసం, ఉబ్బసం మొదలయ్యాయి. 1969లో ఫ్లింట్ అనే వైద్యుడు ‘లాన్సెట్’ పత్రికలో ఈ సంగతి బయటపెట్టాడు. ప్రోటీన్‌ని కోసే పదార్థం ఊపిరితిత్తుల్లోకి వెళితే అంతే మరి. గగ్గోలు పుట్టింది, అమ్మకాలు పడిపోయాయి. అప్పుడు కంపెనీలు పొడి ఎగరకుండా ఎంజైమ్‌ని మైనపు పూతతో చిన్న గుళికలుగా చెయ్యడం నేర్చుకున్నాయి. ఇవాళ డిటర్జెంట్ పొడిలో కనిపించే గుళికల వెనక ఆ కార్మికుల దగ్గు ఉంది. శుభ్రమైన సాంకేతికత అన్నప్పుడల్లా, ఎవరికి శుభ్రం అని అడగాలనిపించేది ఇందుకే.

ఇంతవరకూ చెప్పింది యూరప్ కథ. కానీ బెర్మాండ్సీ కార్ఖానాలకి తోళ్లు ఎక్కడి నుంచి వచ్చేవి? 19వ శతాబ్దం రెండో సగంలో అందులో పెద్ద వాటా మద్రాసు రేవుది. ‘ఈస్టిండియా కిప్స్’ అని వాటికి మార్కెట్లో పేరు. మద్రాసు ప్రెసిడెన్సీలో, అంటే మన తెలుగు జిల్లాలతో సహా, తంగేడు చెక్కతో సగం శుద్ధి చేసిన తోళ్లు ఓడలెక్కి లండన్ వెళ్లేవి. అక్కడ వాటికి తుది మెరుగులు దిద్దేవాళ్లు. తెలంగాణ ఇప్పుడు రాష్ట్రపుష్పంగా పెట్టుకున్న, బతుకమ్మలో పేర్చే తంగేడే ఇది. పువ్వుకి దక్కిన గౌరవం, దాని బెరడుతో పని చేసిన చేతులకి దక్కలేదు.

మన ఊళ్లలో ఆ చేతులు మాదిగలవి. సున్నపు తొట్టి, తంగేడు చెక్క, నీళ్లు పోసుకుని తోలు నానే లంద. మన పల్లెల్లో లంద ఎక్కడుంటుందో అక్కడితో ఊరు అయిపోయినట్టు. వాసన ఊరి హద్దు గీసింది అని నేననను. కులం ముందే గీసిన హద్దుకి వాసనని సాకుగా వాడుకున్నారు అంటాను. లండన్ ముసలావిడది బీదరికం తెచ్చిపెట్టిన పని. అదృష్టం బాగుంటే ఆవిడ పిల్లలు ఇంకో పనిలోకి పోగలరు. లంద దగ్గర పుట్టినవాళ్లకి ఆ తలుపు కూడా మూసేసి ఉంది. రెంటినీ ఒక గాటన కట్టడం కుదరదు.

లంద పక్కన పని ఊరికే నానబెట్టడం కాదు. జిల్లేడు పాలు రాసి తోలు మీది వెంట్రుకలు రాల్చే పద్ధతి మన దేశంలో ఉండేదని 19వ శతాబ్దపు వృక్ష సంపద గ్రంథాలు నమోదు చేశాయి. ఇది నన్ను ఆపేసిన వివరం. జిల్లేడు పాలలో ప్రోటీన్లని కోసే ఎంజైమ్‌లున్నాయి. బొప్పాయి పాలలో ఉండే పపైన్ జాతివే. అంటే సున్నం లేకుండా, ఎంజైమ్‌తో వెంట్రుకలు తీయడం అనే ఇవాళ్టి పరిశోధనాంశం, రోడ్డు పక్క కంపల్లో పెరిగే చెట్టుతో ఎవరో ఎప్పుడో చేసి చూశారు. ఆ గ్రంథాలు చెట్టు పేరుని లాటిన్‌లో జాగ్రత్తగా రాశాయి. ఆ పని చేసినవాళ్లు ‘తోళ్లవాళ్లు’గా మిగిలిపోయారు.

1948లో మద్రాసు అడయార్‌లో కేంద్ర తోళ్ల పరిశోధనా సంస్థ వచ్చింది. 1958 నుంచి 1971 దాకా దానికి డైరెక్టర్‌గా ఉన్నది యలవర్తి నాయుడమ్మ. గుంటూరు జిల్లా యలవర్రులో రైతు కుటుంబంలో పుట్టిన మనిషి. తర్వాత సి.ఎస్.ఐ.ఆర్.కి డైరెక్టర్ జనరల్ అయ్యాడు, 1985 జూన్‌లో కనిష్క విమానం పేలుడులో పోయాడు. తెలుగువాళ్లం ఆయన్ని పెద్ద శాస్త్రవేత్తగా తలుచుకుంటాం, విగ్రహాలు పెడతాం. ఆయన ఎంచుకున్న విషయం ఏమిటన్నది మాత్రం అంతగా తలుచుకోం. పెద్ద కులాల ఇళ్లలో చెప్పులు గడప దాటి లోపలికి రానివ్వని కాలంలో, తోలు మీద డాక్టరేట్ చేసి, తోలునే జీవితం చేసుకోవడం చిన్న సంగతి కాదు. ఆయన సంస్థలో జిల్లేడు పాలతో సహా రకరకాల ఎంజైమ్‌లతో వెంట్రుకలు రాల్చడం మీద పరిశోధన జరిగింది, ఇప్పటికీ జరుగుతోంది.

ఇంత తెలిసీ కార్ఖానాల్లో ఇప్పటికీ వెంట్రుకలు తీయడానికి ఎక్కువగా వాడేది సున్నం, సోడియం సల్ఫైడ్. అది వెంట్రుకని కరిగించి ముద్ద చేసేస్తుంది. ఆ ముద్ద, ఆ సల్ఫైడ్ అన్నీ నీళ్లలోకే. ఆ నీళ్లకి ఆమ్లం తగిలితే హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువు పుడుతుంది. మూసి ఉన్న గుంటలోకి దిగిన మనిషిని అది నిమిషాల్లో చంపగలదు. ఎంజైమ్‌తో అయితే వెంట్రుక కరగకుండా ఊడివస్తుంది, వడగట్టి పక్కన పెట్టుకోవచ్చు. మరి ఎందుకు మారరు? ఎంజైమ్‌కి ఖరీదు ఎక్కువ, అదుపు కష్టం. ఉష్ణోగ్రత కాస్త అటూ ఇటూ అయినా, ఎంజైమ్ సరుకులో కొలాజెన్‌ని తినే కల్తీ కాస్త ఉన్నా తోలు పైపొర దెబ్బతింటుంది. ఒక్క డ్రమ్ము తోళ్లు పాడైతే చిన్న యజమాని ఆ నెల లేవలేడు. అందుకని చాలామంది మధ్యేమార్గం పడతారు. ఎంజైమ్ కొంత, తగ్గించిన సల్ఫైడ్ కొంత.

ఖరీదు మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్పాలి. సల్ఫైడ్ చవక అంటాం. లెక్కలో నదిని కలపకపోతే చవకే. 1996 ఆగస్టులో వెల్లూరు పౌరుల సంక్షేమ వేదిక కేసులో సుప్రీంకోర్టు తీర్పు చదవండి. పాలార్ నది పొడుగునా తోళ్ల కార్ఖానాలు వదిలిన నీళ్లతో సుమారు 35,000 హెక్టార్ల సాగుభూమి పూర్తిగానో కొంతగానో పనికిరాకుండా పోయిందని అందులో నమోదైంది. కలుషితం చేసినవాడే ఖర్చు భరించాలి అనే సూత్రం మన చట్టంలో గట్టిగా పాదుకున్నది ఈ తోళ్ల కేసుతోనే. తీర్పు తర్వాత ఉమ్మడి శుద్ధి కేంద్రాలు పెరిగాయి. 2015 జనవరి చివర్లో రాణిపేటలో అలాంటి ఒక శుద్ధి కేంద్రం బురద తొట్టి గోడ కూలింది. పక్కన నిద్రపోతున్న కార్మికుల మీద ఆ బురద పడి పదిమంది చనిపోయారు. ఎక్కువమంది బెంగాల్ నుంచి పనికి వచ్చినవాళ్లు.

నాకు ఎంజైమ్‌ల మీద కోపం లేదు, పైగా అపారమైన ఇష్టం. ఈ కథలో నేను వెతికింది, కంపు తీసే పని ఎవరి చేతుల మీదుగా నడిచిందో అది. బెర్మాండ్సీ నుంచి రాణిపేట దాకా కంపు చోటు మారుతూ వచ్చింది. ముందు వీధిలో, తర్వాత కార్ఖానా గాల్లో, తర్వాత నదిలో, చివరికి ఒక గోడ వెనక. ఎక్కడికి మారినా పక్కన ఎవరో ఒకరు పడుకునే ఉన్నారు.

ప్రస్తుతం ఆ సంస్థ పరిశోధకులు సున్నం, సల్ఫైడ్ రెండూ లేకుండా, వెంట్రుకలు తీయడం మొదలుకొని మెత్తబరచడం దాకా ఎంజైమ్‌తోనే నడిపే పద్ధతులు ప్రయోగశాలలో చేసి చూపిస్తున్నారు. ఆ తోళ్ల బలాన్ని యంత్రాల మీద సాగదీసి కొలుస్తారు, పొరలని ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని కింద పెడతారు. డ్రమ్ములోంచి బయటికి తీసిన క్షణాన మాత్రం ఎవరో ఒకరు ముందుకొచ్చి బొటనవేలితో నొక్కి చూడాల్సిందే.